ఒక కార్డు ముక్క

మా వసారాలో ఉన్న ఇనప బీరువా మా పెళ్లినాటిది. చీరలు, ఇంటి కాగితాలు, తాకట్టు విడిపించి తెచ్చిన గొలుసు, ఇవన్నీ ముప్పై ఏళ్లు మోసి మోసి దాని తలుపు ఒకటి వంగిపోయింది. ఇప్పుడందులో నూట నలభై పిల్లల పుస్తకాలున్నాయి. తాళం లేదు. తలుపు లాగితే పందిపిల్ల అరిచినట్టు అరుస్తుంది. ఆ అరుపు వినగానే మా ఆవిడ వంటింట్లోంచే "చెప్పులు బయట విప్పండ్రా" అని కేకేస్తుంది. మా గ్రంథాలయ నియమావళిలో సగం అదే.

మిగతా సగం నాది. పుస్తకం తీసుకెళ్లే పిల్లలు దాని పేరు, తమ పేరు, తేదీ తమ చేత్తోనే లాంగ్ నోటుబుక్కులో రాయాలి. ముప్పై ఆరేళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా దిగినవాణ్ణి. రిజిస్టరు లేకపోతే నాకు పని జరిగినట్టే ఉండదు. పుస్తకం చిరిగినా ఏమీ అనను. పోగొట్టినా ఒక పూట ముఖం మాడ్చుకుని ఊరుకుంటాను. రిజిస్టర్లో రాయకపోతే మాత్రం ఒప్పుకోను.

పోయిన ఏడు ముసురు రోజుల్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. చేసేదేమీ లేక ఆ నోటుబుక్కును మొదటి నుంచీ తిరగేశాను. పిల్లల సంవత్సరం ఎలా ఉంటుందో అప్పుడు కనపడింది. జూన్ 12న బడులు తెరవగానే వారం రోజులు సంతకాల మీద సంతకాలు. జులై, ఆగస్టు నెలల్లో ఇంకా ఎక్కువ. వాన పడుతుంటే వీధిలో ఆడుకోనివ్వరు కాబట్టి ఆ రెండు నెలలూ బీరువా తలుపు అరుస్తూనే ఉంది. తర్వాత పరీక్షలు, పేజీ పలచబడింది. దసరాకి ఖాళీ. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారం మళ్లీ హడావుడి, అందులో సగం బడిలో చెప్పమన్నారని వచ్చినవాళ్లు. సంక్రాంతికి గాలిపటాలు. ఫిబ్రవరి నుంచి పెద్ద తరగతుల పిల్లల పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. మే నెల పేజీలో ఒకే ఒక్క సంతకం ఉంది. అది నాదే, చెదలమందు కొట్టించిన తేదీ.

ఆ పేజీ చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే నేనీ బీరువా పెట్టిందే వేసవి సెలవుల కోసం. సెలవుల్లో పిల్లలకు తీరిక, తీరిక దొరికితే చదువుతారు, ఇంత సులువైన లెక్క తప్పుతుందని అనుకోలేదు. తీరా చూస్తే పిల్లలకు చదవడానికి తీరిక కాదు కావాల్సింది. జులైలో బడి ఉంది, హోంవర్కు ఉంది, ట్యూషన్ ఉంది, అయినా చదివారు. మేలో ఏమీ లేదు, పుస్తకమూ లేదు.

నలుగురైదుగురు పెద్దలతో ఈ మాట అంటే అందరూ ఒకటే మందు చెప్పారు. ఖాళీ ఉంటేగా పాడయ్యేది, నింపెయ్యండి. పొద్దున కరాటే, పదింటికి చేతిరాత, మధ్యాహ్నం అబాకస్, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు. ఏడాది పొడుగునా నేర్చుకోవడం అనగానే మనకు ముందు తట్టేది టైంటేబుల్. నాకూ మొదట అదే తట్టింది. ఆదివారం కథలు, బుధవారం బొమ్మలు అని ఒక అట్ట మీద రాసి బీరువాకు అంటించాను. పదిహేను రోజుల తర్వాత ఆ అట్టను ఎవరో క్రికెట్లో వికెట్‌గా వాడారు. అంతకంటే మంచి ఉపయోగం దానికి ఉందని నేనూ అనుకోను.

అసలు సంగతి నాకు ఒక ముసలమ్మ చెప్పింది. చెప్పానని ఆమెకు తెలియదు.

మాది వేటపాలెం దగ్గర ఊరు. సగం ఊరు మగ్గాలు, సగం ఊరు జీడిపప్పు. మా వీధి చివర ఒక నాయనమ్మ ఉంది. చూపు తగ్గినా చేతులు తగ్గలేదు, ఇప్పటికీ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. ఆమె మనవడు ఆరో తరగతి. ఆరో తరగతే కానీ వాడికి ఒత్తులు వస్తే చెమటలు పట్టేవి. బొమ్మలు ఎక్కువున్న పుస్తకం తీసుకెళ్లి మర్నాడే తెచ్చిచ్చేవాడు. చదివావురా అంటే "చదివా" అని చెప్పి చూపు పక్కకు తిప్పుకునేవాడు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి చూపులు చాలా చూశాను. వచ్చిన ఉత్తరం చదువుకోలేక, చదివిపెట్టమని అడగలేక కౌంటర్ దగ్గరే నిలబడిపోయేవాళ్ల చూపు అది. అందుకని రెట్టించలేదు.

ఒకసారి వాడు అట్ట ఊడిపోయిన పాత కథల పుస్తకం ఒకటి తీసుకెళ్లి పదకొండు రోజులు తేలేదు. పన్నెండో రోజు పొద్దున్నే ముసలమ్మే వచ్చింది, చేతికర్ర టకటకలాడించుకుంటూ.

"పోస్టుమాస్టరయ్యా, ఆ పుస్తకంలో ఆఖరి కాయితాలు లేవంట. ఆ రాజు కూతురు ఏమైందో నీకు తెలిసే ఉంటది. చెప్పు."

జరిగింది ఇది. రాత్రి ఒకరోజు కరెంటు లేనప్పుడు మనవడు టార్చి వేసుకుని పుస్తకం పట్టుకున్నాడు. పక్కన రాట్నం తిప్పుతున్న ముసలమ్మ, ఏందిరా అది, గట్టిగా చదువు అంది. వాడు కూడబలుక్కుంటూ మొదలెట్టాడు. "రా, కు, మా" అంటుండగానే ఆమె "రాకుమారుడు, ఊఁ, ఆ తర్వాత" అని అందుకునేది. వాడు అక్షరాలు ఇచ్చేవాడు, ఆమె మాటలు చేసేది. నాలుగు రోజులకు ఆమె అందుకునేలోపే వాడు మాట పూర్తి చేయడం మొదలుపెట్టాడు, పంతం కొద్దీ. కథ బిగిసే చోట రాట్నం ఆగిపోయేదట. కండెల లెక్కన కూలి కాబట్టి, ఆ ఆగిన నిమిషాలకు ఆమెకు డబ్బు లేదు. అలా పదకొండు రాత్రులు ఆగి ఆగి చివరికొచ్చేసరికి పుస్తకానికి చివరే లేదు.

నాకూ ఆ కథ చివర తెలియదు. ఆ సంగతి ఒప్పుకుంటే ఆమె నన్ను చూసిన చూపు, మనియార్డరు రాలేదని చెప్పినప్పుడు చూసే చూపులాగే ఉంది. తప్పించుకోవడానికి మనవడి మీదకు తోశాను. "ఇంత చదివాడు కదా, ఏమై ఉంటదో వాడినే చెప్పమను" అన్నాను.

వాడు మూడు రాత్రులు చెప్పాడట. నాలుగో రోజు దారిలో కనబడితే ముసలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మావాడు రాజు కూతురికి చీరాల్లో మగ్గం పెట్టిచ్చాడయ్యా. రోజుకి రెండు చీరలు నేసుద్దంట. ఎట్ట నేసుద్ది? అబద్ధాల కోరు" అంది. ఆ అబద్ధాల కోరు ఆ నెలలో బీరువాలోంచి తొమ్మిది పుస్తకాలు తీసుకెళ్లాడు. ఆఖరి కాయితాలు ఉన్నాయో లేవో చూసుకుని మరీ తీసుకెళ్లేవాడు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇంతే. వాడికి పుస్తకం ముందు కూడా ఉంది. వాడు చదివేది వినడానికి రాట్నం ఆపుకుని కూర్చున్న మనిషి లేదు, ఇప్పుడు దొరికింది. పెద్దవాళ్లం ఎప్పుడూ పిల్లలకు ఏమివ్వాలా అని చూస్తాం. వాళ్ల దగ్గర నుంచి మనకు ఏదో రావాల్సి ఉన్నట్టు, అది రాకపోతే మనకు తోచనట్టు ఉండడం మనకు చేతకాదు. మార్కుల కోసం ఎదురుచూడ్డం వేరు. అది పిల్లల కోసం కాదని పిల్లలకు తెలుసు.

తపాలా ఉద్యోగికి ఈ సంగతి అరవై దాటాక తెలియడం సిగ్గుచేటు. నా జీతమంతా ఎదురుచూపుల మీదే కదా వచ్చింది.

ఇంకా చెప్పాలంటే, నా చదువు కూడా అలాగే వచ్చింది. నా చిన్నప్పుడు 'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు వేసేవారు. రెండింటికీ జత కుదిరేలా చెరొక చిన్న వ్యాఖ్య రాసి కార్డు మీద పంపాలి. నెగ్గిన జంటకు చిన్న నగదు బహుమతి, అంతకంటే ముఖ్యంగా పత్రికలో పేరు, ఊరు. నేను పదిహేడుసార్లు పంపాను. ఒక్కసారీ రాలేదు. కానీ కార్డు వేసిన రోజు నుంచి ఫలితం వచ్చే సంచిక దాకా నాకు అదే లోకం. ఆ సంచిక రాగానే చివరి పేజీలు చూసి, ఎవడో నెగ్గాడని తిట్టుకుని, ఆ కొత్త ఫోటోలకు మళ్లీ మాటలు వెతుక్కునేవాణ్ణి. నాలుగైదు మాటల కోసం నలభై మాటలు రాసి కొట్టేసేవాణ్ణి. బడిలో ఏ తెలుగు మేష్టారూ నా చేత అంత తెలుగు రాయించలేదు. చందమామ 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు అందులో కథలకు తన వచనం అద్దుతూనే ఉన్నారు. ఆయన వచనం గొప్పది, శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్య బొమ్మలు గొప్పవి, కాదనను. నాకు మాత్రం అందులో అసలు కిటుకు నెల నెలా రావడమే అనిపిస్తుంది. బేతాళుడు శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కేది మనల్ని నెల రోజులు కూర్చోబెట్టడానికే.

'బాల' పత్రిక నడిపిన రేడియో అన్నయ్య, అక్కయ్య, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులకూ ఈ మర్మం తెలుసు. రేడియోలో మరో పిల్లవాడి గొంతు విన్న పిల్లలకు వచ్చే వారం మనదేమో అనిపించేది. అదలా ఉంచండి, ఆ రోజులు బంగారం, ఈ రోజులు మట్టి అనే పాట నేను పాడను. మా వీధిలో చందమామ తెప్పించుకునే ఇళ్లు రెండే. మిగతా పిల్లలం ఆ రెండిళ్ల అరుగుల మీద పిల్లుల్లా కాచుకునేవాళ్లం. మగ్గం గుంటలోకి దిగిన పిల్లలకు ఆ అరుగులు కూడా లేవు.

అలాంటివాళ్ల కోసమే ఒకప్పుడు పుస్తకాలు మనుషులను వెతుక్కుంటూ వెళ్లాయి. మా పక్కనున్న వేటపాలెంలోనే సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. ఎక్కడెక్కడి పరిశోధకులో పాత పత్రికల కోసం ఆ ఊరు వస్తుంటారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాల కోసం జీవితమంతా ఊళ్లు పట్టి తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలోకి ఎక్కించి కాలువ గట్టున ఉన్న ఊళ్లకు తీసుకెళ్లారు. ఆ పడవ నాకు బాగా నచ్చుతుంది. పడవ ఫలానా రోజు వస్తుంది, ఫలానా రోజు మళ్లీ వస్తుంది, ఈలోపు చదివి ఉంచాలి. గట్టు మీద నిలబడి చూసే పిల్లవాడికి, పడవలో వచ్చే మనిషికి, ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది. ఈ రోజుల్లో మనం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం, 1960 నాటి చట్టం ప్రకారం. కడుతున్నామని ఎంతమందికి తెలుసో కానీ, కట్టినవాళ్లలో ఎంతమంది పిల్లవాడి చెయ్యి పట్టుకుని అక్కడికి వెళ్లారో అడిగితే నాతో సహా తలలు వంచుకోవాలి.

మళ్లీ మా వసారాకు వద్దాం. ముసలమ్మ పాఠం నేర్పాక, పిల్లలు రాసేది ఎవరో ఒకరు చదవాలి అని లిఖిత పత్రిక పెట్టాం. పేరు పిల్లలే పెట్టారు, 'జీడిమామిడి'. తెల్లకాగితాలు నాలుగు మడిస్తే ఎనిమిదాకులు. నెలకు ఒక సంచిక, ఒకే ఒక్క ప్రతి. జిరాక్సు తీయిద్దామని నేనంటే వద్దన్నారు. ఒకటే ఉంటే ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో రాత్రి ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా చూస్తారు అని వాళ్ల లెక్క. ఆ లెక్క నా తలకు రాలేదు.

రెండో సంచికలోనే నేను దాన్ని చంపబోయాను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల కోడి మీద రాసింది. మొదటి రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "మా కోడి గుడ్డు పెట్టమంటే పెట్టదు. ఛీ పో అంటే పెట్టిద్ది." నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను. ఉద్యోగంలో ఎర్ర సిరా అధికారం చూసి చూసి, రిటైరయ్యాక కొనుక్కున్న పెన్ను అది. "మా కోడి తనకు ఇష్టమైనప్పుడు మాత్రమే గుడ్లు పెడుతుంది" అని దిద్దాను. మిగతాదంతా అలాగే దిద్ది, నా దస్తూరీతో సాపు రాసి, ఆ అమ్మాయి పేరు కింద వేశాను. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

ఆ పిల్ల సంచిక తెరిచి చూసింది. ఒక్క నిమిషం చదివింది. "ఇది నాది కాదు తాతా" అని మూసేసి, బీరువా గొళ్లానికి జాగ్రత్తగా తగిలించి వెళ్లిపోయింది. కోపం లేదు. పక్కింటి ఉత్తరం పొరపాటున వాళ్లింటికొస్తే తెచ్చి ఇచ్చినట్టు ఇచ్చింది, అంతే.

ఇందులో ఇంకో వినోదం ఉంది. అది సెప్టెంబరు మొదటి వారం. అంతకు నాలుగు రోజుల ముందే, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి నన్ను పిలిచి మైకు ఇచ్చారు. గిడుగు రామమూర్తి పంతులు గారు జనం నోటి తెలుగును చదువులోకి తేవడానికి ఎంత పోరాడారో పావుగంట ఉపన్యాసం ఇచ్చి, శాలువా కప్పించుకుని వచ్చాను. ఆ శాలువా ఇంకా మడత పెట్టకముందే 'పెట్టిద్ది'ని కొట్టేశాను.

తర్వాతి సంచికలో కోడి వ్యాసాన్ని ఆమె రాసింది రాసినట్టే, ఆమె కాగితాన్నే అతికించి వేశాం. అప్పుడు తెలిసింది, చదివిన ప్రతి ఇంట్లోనూ ఆ రెండో వాక్యం దగ్గర నవ్వారట. ఒకాయన తన భార్యను చూసి నవ్వాడని చిన్న గొడవ కూడా అయిందట. ఆ అమ్మాయి మాత్రం మళ్లీ వ్యాసం రాయలేదు. రెండు నెలలు అసలు రాలేదు. ఆ తర్వాత వచ్చి బొమ్మలు వేస్తానంది. ఇప్పుడు వేస్తోంది కూడా. బొమ్మల్లో కోళ్లు, మేకలు నోటి దగ్గర గాలిబుడగ పెట్టుకుని మాట్లాడతాయి, అవన్నీ మా ఊరి మాటే మాట్లాడతాయి. ఆ బుడగలకేసి నేను కన్నెత్తి చూడను. ఎర్ర పెన్ను మా ఆవిడ పాలవాడి లెక్కలకు వాడుకుంటోంది.

తప్పులు దిద్దొద్దా అంటారు. దిద్దాలి. ఒత్తు తప్పితే చెప్తాను, వాక్యం తెగకపోతే ఇక్కడ ఊపిరి ఎలా తీసుకున్నావురా అని అడుగుతాను. కానీ ముందు చదివి, చదివినందుకు నవ్వో, ఏడుపో, అనుమానమో ఏదో ఒకటి తిరిగి ఇచ్చాక చెప్తాను. చదివేవాడు వేరు, దిద్దేవాడు వేరు. ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు చదివేవాడు ముందు రావాలి. బడిలో మేష్టారికి యాభై మంది పుస్తకాలు, అక్కడ చదివేవాడికి తీరిక ఉండదు. అది వాళ్ల తప్పు కాదు. మనకు ఆ ఇబ్బంది లేదు కదా.

పత్రికకు నెలకొక ప్రశ్న కూడా ఉంటుంది. నవంబరులో ఒకడు అడిగిన ప్రశ్న అందరినీ తిప్పింది. అన్ని కాయలకూ గింజ లోపలుంటే జీడికి బయటెందుకు వేలాడుతుంది? ఎవరికీ తెలియదు. చుట్టూ జీడితోటలు, ఊళ్లో సగం ఇళ్లలో జీడి పని, అయినా ఎవరూ అడగని ప్రశ్న. పిల్లలు జీడిగింజలు కొట్టే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు జవాబు చెప్పలేదు గానీ చేతులు చూపించారు. చేతులకు బూడిద రాసుకున్నా, గింజ తొక్కలోని సొన పడి కాలిన మచ్చలు. ఆ సంచికలో సగం ఆ చేతుల బొమ్మలే. చివరికి ఒక జీవశాస్త్రం మేష్టారు చెప్పారు, మనం పండు అనుకునేది అసలు పండే కాదట, ఉబ్బిన కాడ. ఆ చెట్టుకు నిజమైన కాయ కింద వేలాడే గింజే. ఆ చెట్టు కూడా మనది కాదు, బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లతో వచ్చింది. ఈ జవాబు పత్రికలో వేసినప్పుడు కింద ఒక పిల్లవాడు ఇంకో వాక్యం కలిపాడు. "మా అమ్మకు ఈ సంగతి చెప్తే, అయితే సొన కూడా బ్రెజిల్‌దేనా అంది." దాన్ని నేను దిద్దలేదు. దిద్దడానికి ఏముంది అందులో.

ఒకనాడు ఒక తండ్రి వచ్చాడు. వరసకు నన్ను బాబాయ్ అంటాడు. కొడుకుని ఆరో తరగతి నుంచే పెద్ద పరీక్షల ఫౌండేషన్ కోర్సులో వేశాడు, అప్పు చేసి. "బాబాయ్, ఏమనుకోకు. ఈ కోళ్లు, జీడిగింజలు రాస్తే మార్కులు వస్తాయా?" అన్నాడు. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగాడు. మగ్గం అమ్మేసి ఫీజు కట్టిన మనిషి అడిగే హక్కున్న ప్రశ్న అది. నేను వస్తాయని చెప్పాను. పిరికితనంతో చెప్పాను. చదివితే ర్యాంకు, రాస్తే ఫస్టు అని మేమే ఊరించడం మొదలుపెడితే, ర్యాంకు రానినాడు పుస్తకం కూడా దోషి అవుతుంది. ఆయనతో చెప్పాల్సింది వేరే ఉంది. వాడు నీకు ఏమన్నా చదివి వినిపిస్తున్నాడా, లేకపోతే ఒకరోజు వినిపించమను, అని. అది తర్వాత తోచింది. మంచి జవాబులన్నీ నాకు ఆఖరి బ్యాగు కట్టేశాకే తోస్తాయి.

ఫోన్ల సంగతి రాయకపోతే ఈ వ్యాసం పాతదంటారు. రాస్తాను, రెండు ముక్కలే. ఒకడు వాళ్ల నాన్న ఫోన్లో నాడె అటూ ఇటూ పరిగెత్తడాన్ని మెల్లగా కదిలే వీడియో తీసి చూపించాడు. అరవై ఏళ్లుగా చూస్తున్న మగ్గాన్ని నేను మొదటిసారి చూసినట్టయింది. అంతకంటే ఫోన్ల మీద నాకు అభిప్రాయం లేదు.

ఇక వేసవి. ఆ ఖాళీ పేజీ నన్ను వదల్లేదు. పిల్లలంతా అమ్మమ్మల ఊళ్లు పోతారు, బీరువా పోలేదు. పాతూరి వారి పడవ మన దగ్గర లేదు. నా దగ్గరున్నదల్లా కార్డు ముక్క. 1879లో పావు అణాకి మొదలైన కార్డు, నా ఉద్యోగ కాలంలో అర్ధరూపాయి అయింది. ఊళ్లో ఇప్పటి పిల్లలు దాన్ని చూసిందే లేదు. పోయిన ఏప్రిల్ 23న, మర్నాటి నుంచి సెలవులనగా, పద్దెనిమిది మందికి తలా మూడు కార్డులు, నా చిరునామా రాసి ఇచ్చాను. ఏం రాయాలి తాతా అన్నారు. మీరు చూసింది, నేను చూడనిది ఏదైనా రాయండి, పోస్టు డబ్బా ఎక్కడుందో అడిగి మీరే వేయండి అన్నాను. కార్డులో గొప్ప గుణం ఏమిటంటే చోటు తక్కువ. ఉపోద్ఘాతం రాయడానికి వీల్లేదు. వ్యాసరచన పోటీల్లో నేర్చిన 'భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం' అన్న వాక్యానికి అక్కడ స్థలం దొరకదు.

మొత్తం యాభై నాలుగు కార్డులు. ఇరవై మూడు వచ్చాయి. ఒకడు మూడూ పోస్టు చేశాననే ఇప్పటికీ వాదిస్తాడు. నేను ఆ శాఖలో ముప్పై ఆరేళ్లు చేశాను నాయనా, ఏ కార్డు డబ్బాలో పడలేదో నాకు తెలుసు.

వచ్చిన వాటిలో మూడు రాట్నం ముసలమ్మ మనవడివి. వాడు అద్దంకి వైపు మేనమామ ఊరు వెళ్లాడు. మొదటి కార్డు మే మొదటి వారంలో వచ్చింది, ఒక మూల మామిడిరసం మరకతో. "తాతా, ఇక్కడ బావిలో తాబేలు ఉంది. దానికి వయసు ఎంతో ఎవరికీ తెలియదు. మా మామ చిన్నప్పుడు కూడా ఉందంట. నీళ్లు బాగా కిందకి పోయాయి. రేపు మళ్లీ చూస్తా." నేను చదివి నవ్వుకుని బీరువాలో పెట్టాను. మా ఆవిడకు చూపించాను. ముసలమ్మ ఇంటికెళ్లి చదివి వినిపించాను, ఆమె రాట్నం ఆపింది.

రెండోది పది రోజులకు వచ్చింది. "తాతా, బావిలో పూడిక తీస్తున్నారు. తాబేల్ని బకెట్లో పెట్టి పైకి తెచ్చారు. పైకి వచ్చాక అది ఒక పని చేసింది. అందరం ఆశ్చర్యపోయాం. అది తర్వాత కార్డులో రాస్తా, ఇందులో చోటు లేదు." చోటు ఉంది. కింద రెండు వేళ్ల మేర ఖాళీ కనబడుతూనే ఉంది. బేతాళుడి దగ్గర నేర్చుకున్నాడన్నమాట. దాన్నీ బీరువాలో పెట్టాను. ముసలమ్మ రెండు పూటలా వచ్చి అడగడం మొదలెట్టింది, ఏం చేసిందంట ఆ తాబేలు?

మూడోది వచ్చేసరికి జూన్ వచ్చింది. బడులు తెరవడానికి ఇంకా వారముంది. పోస్టుమ్యాన్ కార్డు ఇస్తూ తను ముందే చదివేసినట్టు నవ్వాడు. అక్షరాలు ఈసారి పెద్దవి, ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి.

"తాతా, నేను రెండు కార్డులు రాశా. నువ్వు ఒక్కటి కూడా రాయలా. మా మామ అడ్రసు మొదటి కార్డులోనే పక్కన రాశా, చూడలా? నువ్వు రాసిందాకా తాబేలు ఏం చేసిందో చెప్పను."

బీరువా తలుపు లాగి మొదటి కార్డు వెతికాను. నిజమే, మామిడి మరక కింద చిన్న అక్షరాలతో చిరునామా ఉంది. ఇంట్లో చూస్తే ఒక్క కార్డు మిగల్లేదు, యాభై నాలుగూ పిల్లలకే పంచేశాను. మిట్టమధ్యాహ్నం రెండింటికి గొడుగేసుకుని పోస్టాఫీసుకు బయలుదేరితే, ఈ ఎండలో ఎక్కడికని మా ఆవిడ అడ్డం వచ్చింది. అర్జంటు పని అని చెప్పాను. వీధి చివర రాట్నం చప్పుడు ఆగింది.

"రాసిందాకా చెప్పడంటనా?" అంది ముసలమ్మ లోపల్నుంచే. "మరి తొందరగా రాయి."